రెండు తెల్లపూలు, ఒక ఊదాపువ్వు: వంశపారంపర్యం నేర్పిన పాఠం

వంశపారంపర్య లోపాల ప్రస్తావన వచ్చినప్పుడు మన కుటుంబాల్లో రెండు ప్రశ్నలు తరచుగా వినబడతాయి. "మా ఇద్దరిలోనూ లేనిది బిడ్డకెలా వచ్చింది?" అన్నది మొదటిది. "ఇద్దరికీ ఉన్న లోపం బిడ్డకెందుకు రాలేదు?" అన్నది రెండవది. మొదటిదానికి సమాధానం పాఠ్యపుస్తకాల ద్వారా కొంతమందికైనా తెలుసు. రెండవదానికి సమాధానం తెలియక, సంతోషించవలసిన చోట అనుమానాలు పుట్టి, కాపురాలు కలత చెందిన సందర్భాలు ఉన్నాయి. ఆ సమాధానం మొదట దొరికింది ఆసుపత్రిలో కాదు, పూలతోటలో. పువ్వుకు రంగు ఎలా వస్తుందన్న చిన్న ప్రశ్న నుంచి మనిషి రక్తపు గ్రూపు వరకు సాగిన ఆ చరిత్రను మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేల నుంచే మొదలుపెట్టవచ్చు.

నల్లరేగడిలో పూచే రంగులు

చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు ప్రాంతాల నల్లరేగడి చేలల్లో నేడు కనిపించేది అమెరికన్ జాతి పత్తి. దాని పువ్వు విచ్చిన రోజు మీగడ రంగులో ఉంటుంది. మరునాటికి గులాబీ రంగుకు తిరిగి, ఆపైన ముదిరి వాడిపోతుంది. ఒకే చెట్టు మీద ఒకేసారి రెండు రంగుల పూలు కనిపించడానికి కారణం ఇదే. అది వంశభేదం కాదు, వయోభేదం. రేకలో ఆంథోసయనిన్ అనే ఎర్రని వర్ణకం ఆలస్యంగా తయారు కావడమే అందుకు హేతువు.

దీనికి ముందు ఈ నేలలో శతాబ్దాల పాటు పండినది దేశవాళీ పత్తి. దాని పువ్వు సాధారణంగా పసుపుపచ్చ, రేకల అడుగున ముదురు ఎర్రని మచ్చ. దేశంలోని ఇతర దేశవాళీ రకాల్లో తెల్లపూలవీ, ఎర్రపూలవీ కూడా ఉన్నాయి. ఇక 1972లో ధార్వాడ్ నుంచి వచ్చిన 'వరలక్ష్మి' సంకరం మీగడ రంగు పూల అమెరికన్ జాతికీ, పసుపుపచ్చ రేకల అడుగున ఎర్రమచ్చ ఉండే మరొక జాతికీ పుట్టిన సంతానం. ఇటువంటి సంకరంలో పసుపు రంగు మీగడ రంగును చాలావరకు కప్పివేస్తుంది. సంకరపు చేను నుంచి తీసిన విత్తనాన్ని మళ్ళీ నాటితే మొక్కలన్నీ ఒక్క తీరుగా ఉండవు. తాతముత్తాతల లక్షణాలు విడివిడిగా మళ్ళీ బయటపడతాయి. విత్తనపు స్వచ్ఛతను పరీక్షించేవారు నేటికీ పువ్వు రంగునూ, అడుగుమచ్చనూ, పుప్పొడి రంగునూ గుర్తులుగా పరిశీలిస్తారు.

మన పత్తి పూల రంగులను శాస్త్రీయంగా పరిశీలించడం ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకంలోనే మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రాచార్యులైన పి.ఎఫ్. ఫైసన్ భారతీయ పత్తి రకాల సంకర ప్రయోగాలపై 1908లో ఒక వ్యాసం ప్రచురించారు. గుంటూరు అప్పటికి నాలుగేళ్ళ వయసున్న కొత్త జిల్లా, మద్రాసు రాజధానిలో భాగం. కాన్పూరులో పనిచేసిన మార్టిన్ లీక్ 1911లో దేశవాళీ పత్తులపై విస్తృత పరిశోధనను వెలువరించారు. పసుపు పువ్వు మొక్కను తెల్లపువ్వు మొక్కతో కలిపితే తొలి తరంలో పసుపే వస్తుందనీ, మలితరంలో తెలుపు మళ్ళీ తలెత్తుతుందనీ ఆ కాలపు ప్రయోగాలు తేల్చాయి. మెండెల్ చెప్పిన సూత్రం పత్తికీ వర్తించింది. అయితే మెండెల్‌నే తికమక పెట్టిన పువ్వు ఒకటుంది.

మెండెల్‌కు ఎదురైన చిక్కు

గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కల మీద చేసిన ప్రయోగాలు అందరికీ తెలిసినవే. ఊదాపువ్వు, తెల్లపువ్వు బఠాణీలను కలిపితే తొలి తరమంతా ఊదా. మలితరంలో మూడు ఊదాకు ఒక తెలుపు. ఊదా బహిర్గత లక్షణం, తెలుపు అంతర్గత లక్షణం. 1866లో అచ్చయిన అదే వ్యాసం చివర ఆయన చిక్కుడు జాతుల ప్రయోగాన్ని కూడా వివరించారు. దానిని మనవారు తక్కువగా ప్రస్తావిస్తారు.

తెల్లపూల చిక్కుడును ఎర్రపూల చిక్కుడు జాతితో కలిపినప్పుడు మలితరంలో మూడింటికి ఒకటి అన్న లెక్క కుదరలేదు. ముదురు ఎరుపు నుంచి లేత ఊదా వరకు రకరకాల ఛాయలు వచ్చాయి. పూసిన 31 మొక్కల్లో తెల్లపువ్వు ఒక్కదానికే వచ్చింది. మెండెల్ తన సూత్రాన్ని వదులుకోలేదు, ఫలితాన్ని దాచనూ లేదు. ఎర్రరంగు ఒకే కారకం వల్ల కాక, స్వతంత్రమైన రెండు లేదా అంతకంటె ఎక్కువ కారకాల కలయిక వల్ల ఏర్పడుతుందేమోనని ఊహించారు. రెండు కారకాలూ లేనప్పుడే తెలుపు అయితే అది పదహారింట ఒక వంతుకే రావాలి. ఒక కంటికి కనబడే లక్షణం వెనుక ఒకటికంటె ఎక్కువ జన్యువులు ఉండవచ్చునన్న ఆలోచనకు ఇదే తొలి లిఖిత రూపం. ఆ వ్యాసం 34 ఏళ్ళపాటు పట్టించుకునేవారు లేక పడి ఉండి 1900లో వెలుగు చూసింది.

తెలుపు, తెలుపు కలిస్తే ఊదా

కేంబ్రిడ్జిలో విలియం బేట్‌సన్, ఎడిత్ సాండర్స్, రెజినాల్డ్ పన్నెట్ 'స్వీట్ పీ' అనే సువాసనగల తోటపువ్వు మీద పనిచేశారు. అది బఠాణీకి దగ్గరి చుట్టమైన తీగ. వారి దగ్గర 'ఎమిలీ హెండర్సన్' అనే తెల్లపూల రకం ఉంది. అందులో పుప్పొడి రేణువు ఆకారంలో తేడా ఉన్న రెండు తీరుల మొక్కలు ఉండేవి. రెండింటి పూలూ స్వచ్ఛమైన తెలుపే, తరతరాలుగా తెలుపే. ఈ రెంటినీ కలిపితే పుట్టిన సంతానమంతా ఊదాపూలు పూసింది!

రెండు అంతర్గత లక్షణాలు కలిసి బహిర్గత లక్షణం పుట్టడమంటే, పైకి చూస్తే మెండెల్ సూత్రం తలకిందులైనట్లే. మలితరాన్ని లెక్కిస్తే అసలు సంగతి బయటపడింది. ప్రతి పదహారింటికి తొమ్మిది రంగుపూలు, ఏడు తెల్లపూలు చొప్పున వచ్చాయి. రాయల్ సొసైటీ పరిణామ సంఘానికి 1905లో ఇచ్చిన నివేదికలో దీనికి వివరణ ఉంది. రంగు రావాలంటే రెండు వేర్వేరు జన్యువులు రెండూ సవ్యంగా ఉండాలి. ఒక్కొక్క జన్యువు సవ్యంగా ఉండే అవకాశం నాలుగింట మూడు వంతులు. రెండూ ఉండే అవకాశం మూడు మూళ్ళు తొమ్మిది, పదహారింట. ఏ ఒక్కటి లేకపోయినా తెలుపే, కనుక మిగిలిన ఏడూ తెలుపు. మొదటి తెల్లమొక్కలో ఒక జన్యువు లోపించింది, రెండవ తెల్లమొక్కలో మరొకటి. ఒకదాని కొరతను మరొకటి తీర్చింది. ఇటువంటి వాటిని పూరక జన్యువులు అంటారు.

తాంబూలం తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు. ఆకు, వక్క, సున్నం కలిస్తేనే నోరు పండుతుంది. సున్నం లేకపోయినా పండదు, వక్క లేకపోయినా పండదు. పండని రెండు నోళ్ళను చూసి రెండింటిలోనూ లోపించినది ఒకటేనని ఎవరూ తీర్మానించరు. ఒకరి దగ్గర వక్క, మరొకరి దగ్గర సున్నం ఉంటే ఇద్దరూ కలిసి నోరు పండించుకోవచ్చు. పువ్వులో జరిగినదీ అంతే.

రంగుల తయారీ వరుస

ఈ రెండు జన్యువులు నిజానికి చేసే పని ఏమిటి? ఈ ప్రశ్నను రసాయనశాస్త్రం వైపు తిప్పినవారిలో అగ్రగణ్యురాలు బేట్‌సన్ బృందానికే చెందిన మ్యూరియల్ వెల్డేల్. ఆమె స్నాప్‌డ్రాగన్ పూల రంగులను పరిశోధించి, 1916లో మొక్కల ఆంథోసయనిన్ వర్ణకాల మీద ఒక గ్రంథం వెలువరించారు. రంగులేని ముడిపదార్థం మెట్టు మెట్టుగా మారుతూ చివరకు రంగు పదార్థమవుతుంది. ఒక్కొక్క మెట్టు దగ్గర ఒక్కొక్క ఎంజైము పనిచేస్తుంది. ఆ ఎంజైమును తయారుచేసే సూచన జన్యువులో ఉంటుంది. గొలుసులో ఏ కొక్కెం తెగినా ఆఖరి రంగు రాదు. ఎక్కడ తెగిందో పువ్వును చూసి చెప్పలేం.

ఈ గొలుసులో పనివారే కాదు, మేస్త్రీలు కూడా ఉంటారు. మెండెల్ చూసిన తెల్లబఠాణీ పువ్వులో ఏ జన్యువు చెడిందో 2010లో తేలింది. అది రంగును నేరుగా తయారుచేసే ఎంజైము జన్యువు కాదు. ఆ ఎంజైముల జన్యువులను పనికి పురికొల్పే నియంత్రక జన్యువు. బఠాణీలోనే తెల్లపువ్వుకు కారణమయ్యే మరొక జన్యువు కూడా అటువంటి నియంత్రకమే. ఒకటి చెడిన తెల్లబఠాణీని రెండవది చెడిన తెల్లబఠాణీతో కలిపితే రంగుపువ్వు వస్తుంది.

ఎర్రపత్తి, ఎర్రమిరప

మన ప్రాంతపు రెండు పంటలూ ఈ పాఠాన్ని తమ తమ తీరున చెబుతాయి. గుంటూరు, కృష్ణా, గోదావరి మండలాల్లో ఒకప్పుడు లేత ఎరుపు కలిసిన గోధుమ రంగు దూదినిచ్చే దేశవాళీ పత్తి పండేది. కాకినాడ రేవు పేరుమీద వర్తకులు దానిని 'కోకనాడ' పత్తి అన్నారు. పువ్వులోనే కాక దూదిలోనూ రంగు వంశపారంపర్యమే. ఆసియా పత్తుల దూది రంగుపై ఆర్.ఎ. సిలో 1944లో ప్రచురించిన పరిశోధనలో గోధుమ రంగుకు కారణమయ్యే జన్యు స్థానాలు ఒకటికంటె ఎక్కువ ఉన్నాయని తేలింది. అంటే రెండు ఎర్రపత్తులు ఒకేలా కనిపించినంత మాత్రాన వాటి మూలం ఒకటే కానక్కరలేదు.

మిరప మొక్క పువ్వు సాధారణంగా తెల్లనిదే. దాని వర్ణవైభవమంతా కాయలో ఉంటుంది. ఎర్రమిరప రంగు ఆంథోసయనిన్ కాదు, క్యారెట్‌కు రంగునిచ్చే కుటుంబానికి చెందిన క్యాప్సాంథిన్. 1950లో అమెరికాకు చెందిన పి.జి. స్మిత్ పండు రంగుపై రెండు జన్యువుల ఆటను వివరించారు. ఒకటి ఎరుపా, పసుపా అన్నది నిర్ణయిస్తుంది. రెండవది కాయ పండేటప్పుడు ఆకుపచ్చ పదార్థం విరిగిపోవాలా, నిలిచిపోవాలా అన్నది నిర్ణయిస్తుంది. ఆకుపచ్చ పోయి ఎరుపు వస్తే ఎర్రపండు. ఆకుపచ్చ పోయి పసుపు వస్తే పసుపుపండు. ఆకుపచ్చ పోకుండా ఎరుపు వస్తే రెండూ కలిసి గోధుమరంగు. ఆకుపచ్చ పోకుండా పసుపు వస్తే పండినా పచ్చగానే ఉంటుంది. గోధుమరంగుకని ప్రత్యేకమైన జన్యువేమీ లేదు. రెండు జన్యువుల కలయికకు మన కన్ను పెట్టిన పేరే అది.

పూలతోట నుంచి వైద్యశాలకు

బేట్‌సన్‌కు లండన్‌లో ఒక వైద్యమిత్రుడు ఉండేవారు. ఆయన ఆర్చిబాల్డ్ గారడ్. నిలవ ఉంచితే మూత్రం నల్లబడే 'ఆల్కాప్టోన్యూరియా' అనే అరుదైన పరిస్థితిని ఆయన పరిశీలిస్తూ, అటువంటి పిల్లల తల్లిదండ్రులు తరచుగా దగ్గరి బంధువులేనని గమనించారు. మెండెల్ చెప్పిన అంతర్గత లక్షణానికి ఇది సరిగ్గా సరిపోతుందని బేట్‌సన్ సూచించారు. 1902లో 'లాన్సెట్' పత్రికలో గారడ్ ప్రచురించిన వ్యాసం మానవ జన్యువైద్యానికి పునాదిరాయి. శరీరంలోని రసాయన మార్గంలో ఒక మెట్టు పుట్టుకతోనే లోపించడం అన్న ఆయన భావనకూ, పువ్వులో రంగు గొలుసు తెగడం అన్న భావనకూ తేడా లేదు.

ఇక రక్తపు గ్రూపుల సంగతి. 1952లో ముంబయికి చెందిన డాక్టర్ వై.ఎం. భెండే, ఆయన సహచరులు 'లాన్సెట్'లోనే ఒక వింత రక్తాన్ని వర్ణించారు. సాధారణ పరీక్షకు అది 'ఓ' గ్రూపులా కనబడుతుంది. కాని 'ఓ' గ్రూపు రక్తంతో కూడా అది కలవదు. ఎర్రరక్తకణాల మీద 'హెచ్' అనే పునాది పదార్థం ఉంటేనే దాని మీద 'ఎ' లేదా 'బి' గుర్తు నిలబడుతుంది. 'హెచ్' తయారీకి ఒక జన్యువు, 'ఎ', 'బి' గుర్తులకు వేరొక జన్యువు. ఇవి వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి. 'హెచ్' జన్యువు రెండు ప్రతులూ చెడితే, లోపల 'బి' జన్యువు నిక్షేపంగా ఉన్నా పైకి కనబడదు. గోడ లేనిదే చిత్తరువు నిలవదు గదా. ఇదే 'బాంబే' గ్రూపు. ఒక జన్యువు మరొకదానిని ఇలా కప్పివేయడాన్ని ఎపిస్టాసిస్ అంటారు.

దీని సామాజిక ఫలితాన్ని గమనించండి. 1955లో ఫిలిప్ లెవైన్ బృందం అమెరికాలో ఒక స్త్రీని వర్ణించింది. పరీక్షలో ఆమెది 'ఓ' గ్రూపు, ఆమె కుమార్తెది 'ఎబి'. పాఠ్యపుస్తకం ప్రకారం 'ఓ' తల్లికి 'ఎబి' బిడ్డ పుట్టకూడదు. ఆ తల్లిలో దాగి ఉన్న 'బి' జన్యువే బిడ్డలో బయటపడింది. ఇటువంటి రక్తం తండ్రిదైతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. చేతిలోని రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకుని భార్య శీలాన్ని శంకించే మనుషులు మన మధ్యనే ఉన్నారు. గ్రూపులు కలవలేదంటే పరీక్షలో పొరపాటు కావచ్చు, జన్యువుల ఆట కావచ్చు. కేవలం ఆ కాగితం ఆధారంగా ఏ తల్లినీ నిందించడానికి శాస్త్రం అనుమతించదు.

ఒకే తెలుపా, వేర్వేరు తెలుపులా?

స్వీట్ పీ కథకు మనుషుల్లో అచ్చమైన ప్రతిబింబం పుట్టు చెవుడు. వంశపారంపర్య చెవుడుకు కారణమయ్యే జన్యువులు వందకు పైగా ఉన్నాయి. ఉత్తర ఐర్లాండ్‌లో స్టీవెన్‌సన్, చీజ్‌మన్ 1956లో ప్రచురించిన అధ్యయనంలో, వంశపారంపర్యంగా చెవుడు ఉన్నవారు పరస్పరం పెళ్ళి చేసుకున్న కుటుంబాల్లో పిల్లలందరూ చెవిటివారైనవి కొన్నే. భార్యలో ఒక జన్యువు, భర్తలో మరొక జన్యువు లోపించినప్పుడు బిడ్డకు రెండింటికీ సవ్యమైన ప్రతి ఒక్కొక్కటి చొప్పున అందుతుంది, వినికిడి వస్తుంది. అదే సంవత్సరాల్లో, 1952లో, ట్రెవర్-రోపర్ అనే ఇంగ్లండ్ నేత్రవైద్యుడు భార్యాభర్తలిద్దరూ పుట్టుకతో వర్ణకం లేనివారైనా సాధారణ వర్ణంగల పిల్లలు పుట్టిన కుటుంబాన్ని నమోదు చేశారు. తెల్లపూల నుంచి ఊదాపువ్వు పుట్టినట్లే. అందులో అద్భుతమూ లేదు, అపచారమూ లేదు.

ఇప్పుడు మనకు అతి సన్నిహితమైన సంగతి. మేనరికాలు, మేనమామ-మేనకోడలు వివాహాలు మన ప్రాంతంలో పాత ఆచారం. రెండు తెల్లమొక్కలు వేర్వేరు వంశాలవైతే వాటి లోపాలు వేర్వేరు కావడానికి అవకాశం ఎక్కువ. ఒకదానికొకటి పూరకమవుతాయి. ఒకే విత్తు నుంచి వచ్చిన రెండు తెల్లమొక్కలను కలిపితే తెల్లపూలే వస్తాయి, ఎందుకంటే రెండింటిలోనూ తెగిన కొక్కెం ఒకటే. మేనరికపు దంపతుల బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒక వంతు. మేనమామ-మేనకోడలు దంపతులకైతే ఎనిమిదింట ఒక వంతు. ఈ లెక్క చూసి బెంబేలు పడనక్కరలేదు. అటువంటి దంపతుల్లో అత్యధికులకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. కాని కుటుంబంలో ఇప్పటికే పుట్టు చెవుడు, తలసీమియా వంటివి ఉన్నప్పుడు ఆ లెక్కకు బరువు వస్తుంది.

పాఠకులకు నా సూచనలు

1. కుటుంబంలో వంశపారంపర్య లోపం ఉన్నవారు దగ్గరి సంబంధం కలుపుకోవాలనుకుంటే, ముహూర్తం పెట్టుకోవడానికి ముందే జన్యు సలహా తీసుకోవాలి. లోపించిన జన్యువు ఏదో తెలిస్తేనే సలహాకు విలువ. 'మా ఇంట్లో చెవుడు ఉంది' అన్న మాట ఒక్కటే చాలదు.

2. పుట్టిన ప్రతి బిడ్డకూ నెలలోపు వినికిడి పరీక్ష చేయించాలి. అనుమానం ఉంటే మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలు కావాలి. ఇద్దరికీ వినికిడి ఉన్న తల్లిదండ్రుల బిడ్డకు కూడా ఈ పరీక్ష తప్పదు.

3. 'ఓ' గ్రూపు అని నమోదైన రోగికి 'ఓ' రక్తం కూడా కలవడం లేదని రక్తనిధి చెబితే తొందరపెట్టవద్దు. 'హెచ్' పదార్థం ఉందో లేదో చూడమని కోరండి. బాంబే గ్రూపు వారికి అదే గ్రూపు రక్తం తప్ప మరొకటి ఎక్కించడం ప్రాణాపాయం. వారి రక్తసంబంధీకులకు, ముఖ్యంగా తోబుట్టువులకు, పరీక్ష చేయించడం అవసరం.

4. లోపంతో బిడ్డ పుడితే తల్లినో, ఆమె పుట్టింటినో నిందించే అలవాటును మానుకోవాలి. అంతర్గత లోపానికి రెండు ప్రతులు కావాలి. ఒకటి తండ్రిదే.

మెండెల్ చిక్కుడు పాదు నుంచి భెండే ప్రయోగశాల వరకు 86 ఏళ్ళు పట్టింది. ఆ కాలమంతటిలో శాస్త్రజ్ఞులు మళ్ళీ మళ్ళీ తెలుసుకున్న సత్యం ఒక్కటే: జన్యువు ఒంటరిగా పనిచేయదు. పైకి కనబడేది ఎన్నో జన్యువుల పొత్తుకు వచ్చిన ఫలితం. కనుక పైకి కనబడేదాన్ని బట్టి మనిషి లోపలి సంగతిని తేల్చే ముందు, బంధుత్వాన్ని తెంచే మాట అనే ముందు, పరీక్ష చేయించడం వివేకం.